పనసపుట్టు నంబరు

పనసపుట్టులో ఇంటికో ఫోను ఉంది. పాటలు వినడానికీ, చీకట్లో దారి చూసుకోవడానికీ పనికొస్తాయి. మాట్లాడాలంటే మాత్రం ఊరి వెనక కాఫీ తోట దాటి, ఆయాసపడుతూ ఎక్కి, నల్లబండ మీద నిలబడాలి. సిగ్నల్ దొరికేది అక్కడొక్కచోటే.

ఆ బండ మీద పొద్దున్నుంచి పొద్దు వాలేదాకా ఉండే మనిషి రత్నాలు.

ఊరి ఆడవాళ్ళ సంఘం కాఫీ గింజలు ఆరబెట్టేది అక్కడే. నీలం పట్టాలు పరిచి, తొక్క తీసి కడిగిన గింజల్ని పల్చగా పోసి, చెక్కపారతో మాటిమాటికీ తిరగెయ్యాలి. ఒక పక్క ఎండి ఇంకో పక్క పచ్చిగా ఉండిపోతే గింజకి మచ్చ పడుతుంది. సాయంత్రం మంచు దిగకముందే కుప్పచేసి కప్పెయ్యాలి. ఆ పని రత్నాలుకి ఇచ్చారు. పనితో పాటు ఊరి ఫోనూ ఇచ్చారు. బటన్ల ఫోను. దాని సిమ్ము తీసుకున్ననాడు ఎవరి ఆధార్ పెట్టాలన్న మాట వస్తే, ఊళ్ళో మాట చెల్లే మంగరాజు తేల్చేశాడు.

"రత్నాలప్పది పెట్టండి. ఎనకా ముందూ ఎవులూ లేరు. రేపు తగువుండదు."

అది నిజమే కాబట్టి ఎవరూ నొచ్చుకోలేదు. రత్నాలు కూడా అందరితో పాటు నవ్వింది.

అప్పట్నుంచీ రేషన్ కార్డుకీ, బ్యాంకు పుస్తకానికీ, గ్యాసుకీ, పిల్లల బడికీ, ఊరందరిదీ అదే నంబరు. ఎవరికి మెసేజ్ వచ్చినా రత్నాలు బండ అంచుకి వచ్చి నోటికి చేతులు అడ్డం పెట్టి కేకేసేది.

"ఓ గంగో! గేసుకి ఓటీపీ వొచ్చింది! ఇనుకో!"

అంకెలు ఒక్కొక్కటే కొండ దొర్లుకుంటూ దిగేవి. కింద మంగరాజు పెళ్ళాం గంగ నిండు కడుపుతో గుమ్మంలో నిలబడి ఒక్కో అంకె తిరిగి అరిచేది. "మా గేసు సంగతి అవతల కొండోళ్ళకీ తెలిసిపోయింది పిన్నీ!" అని నవ్వేది.

ఆ శీతాకాలం సంఘం వాళ్ళు తమ కాఫీ, మిరియాలు సొంతంగా అమ్ముకోడానికి ఒక వెబ్‌సైట్ పెట్టాలనుకున్నారు. ఊళ్ళో డిగ్రీ చదివినవాడు రవిబాబు ఒక్కడే. అరకు వెళ్ళి, అక్కడ నెట్ షాపు నడిపే కిరణ్ చేత వెబ్‌సైట్ పేరు రిజిస్టర్ చేయించాడు. ఎవరో ఒకరి పేరు, ఊరు, ఫోను ఇవ్వాలన్నారు. ఎప్పటిలాగే రత్నాలువి ఇచ్చి వచ్చేశాడు.

మర్నాడు పొద్దున్నే ఫోను మోగడం మొదలుపెట్టింది.

మొదటివాడు హిందీలో మాట్లాడాడు. రత్నాలు "హలో, హలో" అని, విసిగి పెట్టేసింది. రెండోవాడు ఇంగ్లీషు. వాడి మాటల్లో "మేడమ్" ఒక్కటే తెలిసింది. పట్టా మీద ఒక వరస తిరగేసేలోపు మళ్ళీ మోగింది.

"నమస్కారమండీ రత్నాలు గారూ! నా పేరు సోని. వైజాగ్ నుంచి మాట్లాడుతున్నానండీ."

చెక్కపార ఆగిపోయింది. ఊళ్ళో పెద్దవాళ్ళు ఆమెని ఓలె రత్నాలూ అంటారు. పిల్లలు చాటుగా బండమ్మ అంటారు. ఆ పేరు చివర గారు తగిలించినవాళ్ళు ఈ కొండ మీద లేరు.

"ఎవరి గుంటవే నువ్వు? నా పేరు నీకెవులు సెప్పినారు?"

"కంప్యూటర్లో ఉందండీ. మీది పనసపుట్టు, అరకు దగ్గర. కొత్తగా వెబ్‌సైట్ పేరు రిజిస్టర్ చేయించారు కదండీ. దానికి మంచి డిజైన్ మేం చేసి..."

"కంప్యూటర్లో నా పేరున్నాదా?"

"ఉందండీ."

"ఇంకేటి ఉన్నాది?"

"మీ ఊరు, పోస్టు, పిన్‌కోడు, ఈ ఫోన్ నంబరు..."

"నాను బువ్వ తిన్నానో లేదో రాసినారా?"

అవతల గొంతు తడబడింది. కాగితం చూసి చదువుతున్న మనిషికి కింద వరస దొరకనట్టు ఆగిపోయింది. ఆ తర్వాత కిసుక్కున నవ్వు.

"అది రాయలేదండీ. తిన్నారా?"

రత్నాలు పార కర్రకి గడ్డం ఆనించింది. చోడి అంబలి తాగింది పొద్దున్న. ఆ మాట ఎవరికైనా చెప్పి ఎన్నాళ్ళయిందో ఆలోచిస్తోంది.

"తాగినాను. నువ్వు?"

"ఇంకా లేదండీ. మాకు ఒంటిగంటకి."

అంతే. సోని మళ్ళీ డిజైన్ దగ్గరికి వెళ్ళింది, రత్నాలు తనకేం తెలీదంది, ఇద్దరూ మర్యాదగా ముగించారు. కానీ ఆ మధ్యాహ్నం మంచు విడిచి ఎండ కాసినప్పుడు రత్నాలు నీడని చూసుకుని, ఈపాటికి ఆ పిల్ల తినుంటుంది అనుకుంది.

మర్నాడు సోని మళ్ళీ చేసింది. ఆ మర్నాడూ చేసింది. మొదట డిజైన్ గురించి గబగబా అప్పజెప్పేసేది. తర్వాత గొంతు తగ్గించేది. అండీ పోయి అమ్మా వచ్చింది, అమ్మా పోయి అత్తా వచ్చింది. వాళ్ళ ఆఫీసు ఒక మేడ మీద పొడుగాటి గది. వరసగా ఆడపిల్లలు, తలలకి హెడ్‌ఫోన్లు. కిటికీలకి నల్ల కాగితం అంటించేశారు. ఎండో వానో లోపలికి తెలీదు.

"అక్కడ ఇప్పుడెలా ఉందత్తా?"

"మంచు. నా సెయ్యి నాకే అగుపడతా లేదు."

"ఇంకా?"

"ఇంకేటున్నాది? కింద ఎవులో కట్టెలు కొడతన్నారు. మనిషి అగుపడడు, సప్పుడొస్తంది."

"జీలుగు కల్లు దిగుతోందా?"

రత్నాలు చెవి దగ్గరి ఫోనుని తీసి ఒకసారి చూసి మళ్ళీ పెట్టుకుంది.

"ఓలమ్మ! టౌను గుంటకి జీలుగు కల్లు సంగతేటి తెలుసే?"

అవతల కీబోర్డు టకటకమంది. తర్వాత, "ఎక్కడో విన్నానత్తా" అంది సోని.

కొండపిల్లే. జీలుగు చెట్టు ఉండేది కొండల్లోనే, రత్నాలుకి అనుమానం లేదు. ఏ కొండ అని మాత్రం అడగలేదు. మంచులో కట్టెలు కొట్టేవాడు ఎప్పుడో అప్పుడు బయటికొస్తాడు కదా అనుకుంది.

ఒకరోజు తనే ఆ నంబరుకి చేసి చూసింది. ఆ నంబరు వాడుకలో లేదని రికార్డు గొంతు చెప్పింది. సోని చేసిన ప్రతిసారీ నంబరు వేరేగా ఉండేది. ఆమె చేస్తే ఈమె ఎత్తాలి, అంతే. ఈమె పిలవడానికి దారి లేదు.

మిగతావాళ్ళు మాత్రం ఆగలేదు. లోగో అన్నారు, లోను అన్నారు, మీ పేరు రద్దవుతుంది వెంటనే మాట్లాడండి అన్నారు. బ్యాటరీ సాయంత్రానికి కాక మధ్యాహ్నానికే పడిపోతోంది. మంచుకి సోలార్ పలక చార్జింగ్ సరిగ్గా ఎక్కించడం లేదు. రత్నాలు వాళ్ళందరినీ తిట్టి, చప్పున పెట్టేసేది. లైను ఖాళీగా ఉంచాలి. ఎవరి కోసమో తనకి తెలుసు.

గంగకి నొప్పులొచ్చి అరకు ఆసుపత్రికి తీసుకెళ్ళిన మర్నాడు సోని చాలాసేపు మాట్లాడింది. ముందురోజు సూపర్‌వైజర్ అందరి ఎదురుగా తిట్టాడట. ఆ పిల్ల ఏడవడం లేదు కానీ, మాటకీ మాటకీ మధ్య ముక్కు ఎగబీలుస్తోంది. రత్నాలు పట్టా పక్కన గొంతుకూర్చుని, ఒక చేత్తో ముక్కలైన గింజల్ని ఏరుతూ ఊకొడుతోంది. మధ్యలో చెవిలో టుక్ టుక్ మని చప్పుడు మొదలైంది.

"వింటున్నావా అత్తా?"

"ఇంకో పోనొస్తంది. ఏ హిందీ ఓడో అయ్యుంటాడు. నువ్వు సెప్పు."

ఆ చప్పుడు ఆగింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ ఆగింది. రత్నాలు ఫోనుని ఇంకొంచెం గట్టిగా చెవికి అదుముకుంది.

మర్నాడు మంగరాజు కొండెక్కి వచ్చాడు. అరకు నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, చొక్కా చేతికి మరక. కేకలెయ్యలేదు. బండ మీద పెట్టిన ఫోను తీసి, బటన్లు నొక్కి, ఎత్తని కాల్స్ ఒక్కొక్కటే చూశాడు. వరసగా ఒకటే నంబరు. ఆసుపత్రిలో పక్క మంచం వాళ్ళని బతిమాలి తీసుకున్న ఫోనుది.

"ఎవులితో మాటాడినావప్పా అంతసేపు?"

"ఎబ్‌సైటోళ్ళు."

"ఆళ్ళతో నీకేటి మాటలు?"

రత్నాలు చెక్కపార పట్టుకుని నిలబడింది.

"గంగకి రగతం పోయింది. మా తమ్ముడిదీ దానిదీ ఒకటే రగతం. ఆడు ఈ కిందనే, మిరియాల తీగ కాడ నిచ్చెనెక్కి ఉన్నాడు. నువ్వు ఒక్క కేకేస్తే దిగిపోదుడు. ఒక్క కేక, అప్పా."

"గంగ..."

"బతికింది. జీపు డ్రైవరు ఎవుడో దేవుడిలాగొచ్చి ఇచ్చినాడు. ఆడపిల్ల."

మంగరాజు ఫోను ఉన్నచోటే పెట్టేశాడు. వెళ్ళబోయి ఆగాడు.

"నిన్ననేదేటీ లేదు. ఈ పోన్ల గోల ఉండకూడదు. గంగ పిల్లతో ఇంటికొచ్చేసరికి ఇది ఆగిపోవాల. ఆగకపోతే పోను రవిబాబుకి ఇచ్చెయ్యి. ఆడు కొత్త సిమ్ము తెస్తాడు. బండ మీద పనికి మన సంఘంలో బేబి వొస్తాది, నువ్వు కింద కాఫీ పండు కోతకెళ్ళు."

అతను దిగిపోయాక కూడా అతని చెప్పుల కింద రాళ్ళు దొర్లిన చప్పుడు చాలాసేపు వినిపించింది. సోని చేసింది. రోజూ చేసే వేళే. రత్నాలు మోగుతున్న ఫోనుని చూస్తూ కూర్చుంది, ఎత్తలేదు. మళ్ళీ చేసింది. ఎత్తలేదు. కింద మంగరాజు తమ్ముడు నిచ్చెన ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకి మారుస్తున్నాడు. అంత దగ్గర.

శుక్రవారం సంతకి రవిబాబుతో కలిసి రత్నాలు అరకు దిగింది. కిరణ్ షాపు సంత వీధి చివర. ఎస్.కోట నుంచి వచ్చి పెట్టుకున్నాడు. రెండు కంప్యూటర్లు, ఒక జిరాక్స్ మిషను, గోడకి అద్దాల ఫ్రేములో లక్ష్మీదేవి. రవిబాబు సంగతంతా చెప్పేసరికి కిరణ్ టీ గ్లాసు పక్కన పెట్టి తాపీగా నవ్వాడు.

"అది మామూలే బ్రదర్. వెబ్‌సైట్ పేరు రిజిస్టర్ అయిందంటే ఎవరు చేయించారో వివరాలు బయటికి కనపడతాయి. కొత్తగా రిజిస్టర్ అయిన పేర్లన్నీ రోజూ జాబితాలు తీసి అమ్ముకునేవాళ్ళున్నారు. వాళ్ళ నుంచి ఫోన్లు."

"కనపడతాయంటే ఎవులికి బాబూ?" అంది రత్నాలు.

"ఎవరికైనా అమ్మా. ప్రపంచంలో ఎక్కడున్నవాడికైనా."

తెర ఆమె వైపు తిప్పాడు. రవిబాబు చదివి వినిపించాడు. ఆమె పేరు, ఊరు, పోస్టు, ఫోను నంబరు. రత్నాలు వంగి చూసింది. తన పేరు అలా వెలుగుతూ ఉండడం ఆమెకి వింతగా ఉంది. అందులో తన గురించి అబద్ధం ఒక్కటీ లేదు, తను కూడా లేదు.

"ఇది దాచడానికి అవదా?" అన్నాడు రవిబాబు.

"ఎందుకవదు? చేసేటప్పుడే ఒక టిక్కు పెడితే చాలు. మన పేరు, నంబరు బదులు కంపెనీది కనపడుతుంది. నిజంగా మనతో పనున్నవాడు రాస్తే వాళ్ళు మనకి పంపుతారు. ఇదిగో, మన షాపుది చూడండి."

కిరణ్ హుషారుగా తన వెబ్‌సైట్ పేరు కొట్టాడు. అక్కడ కిరణ్ లేడు. ఎస్.కోట లేదు. ఫోన్ నంబరు లేదు. ఎక్కడో ఏదో కంపెనీ పేరు, దాని కింద అన్ని గళ్ళలోనూ ఒకటే ముక్క, గోప్యం, గోప్యం అని.

రవిబాబు తెరవైపు చూసి, కిరణ్ వైపు చూశాడు.

"మరి మాకెందుకు పెట్టలేదన్నా?"

"కొండ మీద ఆవిడ వివరాలు ఎవడిక్కావాలి అనుకున్నాను బ్రదర్."

వెటకారంగా అనలేదు. ఉన్నమాట చెప్పినట్టు అని, టీ గుటకేశాడు. రత్నాలుకి ఒక్క క్షణం, ఒకరికి కావాలి అని చెప్పాలనిపించింది.

"పెట్టెయ్యమంటారా ఇప్పుడు? మీ ఫోనుకి కోడ్ వస్తుంది, చదవండి."

ఫోను ఆమె చేతిలోనే ఉంది. కోడ్ వచ్చింది. రత్నాలు చదవలేదు.

"బాబూ, అది పెడితే అందరికీ ఆగిపోద్దా?"

"కొత్తగా చూసేవాళ్ళకి ఇంక కనపడదు."

"ఒకరికి మటుకు అగుపడేలాగ ఉంచడానికి అవదా?"

కిరణ్ పకపకా నవ్వాడు. "ఒక్కరికే కనపడడానికి ఇదేమైనా పెళ్ళిచూపులా అమ్మా?"

రవిబాబు నవ్వలేదు. "సదువు పిన్నీ" అన్నాడు మెల్లిగా. ఆమె ఫోను అతని చేతిలో పెట్టేసింది. అతనే చదివాడు. తెర మీద ఆమె పేరు పోయి, ఆ స్థానంలో కంపెనీ వచ్చి కూర్చుంది.

"ఇంకోమాట" అన్నాడు కిరణ్, వాళ్ళు గుమ్మం దాటుతుంటే. "ఇప్పటికే జాబితాల్లోకి వెళ్ళిపోయింది ఉంటుంది. వాళ్ళ దగ్గర్నుంచి తీయడం నా చేతిలో లేదు. కొన్నాళ్ళు మోగుతుంది."

రవిబాబు మొహం వాడిపోయింది. రత్నాలు మొహం వాడలేదు. అది తనకే తెలిసి, సంతలో నడుస్తున్నంతసేపూ తలెత్తలేదు. గంగకోసం ఉల్లిపాయలు, పాపకోసం చిన్న టోపీ కొంది. ఊలు టోపీ, ఎర్రది. ఆసుపత్రికి వెళ్ళి ఇవ్వడానికి కాళ్ళు రాలేదు. రవిబాబు చేత పంపింది.

శనివారం పొద్దున్న మంచు ఇంకా విడవకుండానే సోని చేసింది. ఈసారి రత్నాలు ఎత్తింది.

"అత్తా! ఎక్కడికెళ్ళిపోయావు? నాకెంత కంగారేసిందో! జ్వరమా?"

రత్నాలు చెప్పింది. గంగ, రక్తం, టుక్ టుక్ మన్న చప్పుడు, నిచ్చెన మీద మంగరాజు తమ్ముడు. తన మాటలు తనకే చదునుగా, పక్కింటివాళ్ళ విషయంలా వినిపించాయి. అరకులో పేరు దాచి వచ్చిన సంగతీ చెప్పింది. అవతల మిగతా పిల్లల గొంతులు వినిపించాయి, గారూ గారూ అని తుమ్మెదల్లా.

"అత్తా, నీతో ఒకటి చెప్పాలి. కోప్పడకు."

"సెప్పు."

"నీకు అన్ని ఫోన్లెందుకు వస్తున్నాయో తెలుసా? నావల్ల."

"నువ్వేటి సేసినావు?"

"మా దగ్గర ఎత్తే నంబర్లకీ, ఎక్కువసేపు మాట్లాడే నంబర్లకీ పచ్చ గుర్తు పడుతుంది. దానికదే పడుతుంది, నేను పెట్టను. పచ్చ గుర్తు ఉన్న నంబర్లని మా కంపెనీ మిగతావాళ్ళకి ఎక్కువ ధరకి అమ్ముతుంది. లోన్లవాళ్ళకీ, వాళ్ళకీ వీళ్ళకీ. నువ్వు రోజూ ఎత్తుతావు. మనం రోజూ మాట్లాడుకున్నాం."

రత్నాలు కాలి దగ్గర పడిన గింజ తీసి పట్టా మీద వేసింది.

"నీకు ముందే తెలుసునా?"

"తెలుసు."

"తెలిసే సేసినావా?"

"ఒక్కసారి అనుకున్నాను అత్తా. ఈరోజొక్కసారే అని. రోజూ అలాగే అనుకున్నాను."

రత్నాలుకి కోపం రావలసిన చోట ఇంకేదో వచ్చింది. గొంతు లేచింది.

"నా పేరు నీకు తెలుసు. ఊరు తెలుసు. పోస్టు, నంబరు, నాను ఏటి తిన్నానో, ఎవులూ లేనిదాన్నని కూడా తెలుసు. నీది నాకేటి తెలుసు? తిరిగి పోన్ సేత్తే ఆ నంబరే లేదంటాది. నీ పేరైనా నిజివేనా, గుంటా?"

మంచులోంచి ఒక కాకి వచ్చి పట్టా అంచున వాలి, ఆమెని చూసి ఎగిరిపోయింది.

"కాదు" అంది ఆ పిల్ల. "సోని కాదు. ఇక్కడ అందరికీ ఇలాంటి పేర్లే పెడతారు. నా పేరు కనక. చింతూరు దాటాక శబరి ఒడ్డున మా ఊరు. రోడ్డు నుంచి దిగితే చర్చి పక్కన రేకుల ఇల్లు. అమ్మ, చెల్లి ఉంటారు. నాన్న లేడు. నేను వచ్చి రెండేళ్ళు. ఇక్కడ హాస్టల్లో నాది కిటికీ లేని గది."

గుక్క తిప్పుకోకుండా చెప్పింది. ఆ తెర మీద గళ్ళన్నీ ఒకదాని కింద ఒకటి నింపుతున్నట్టు చెప్పింది. రత్నాలు ఒక్కొక్కటీ మనసులో తిరిగి అనుకుంటూ విన్నది.

"కనక" అంది.

"ఊఁ."

"నీ సొంత పోనుంటాది గదా."

"ఉంది. కానీ పోయిన నెల ఒక పిల్ల కస్టమర్‌తో సొంత ఫోన్లో మాట్లాడిందని అప్పటికప్పుడు తీసేశారత్తా. నాకు భయం. నేను అంత ధైర్యం గలదాన్ని కాదు."

"వొద్దులే. ఈ పోను నాది కాదు. ఊరిది." ఆ మాట అంటుంటేనే రత్నాలుకి అది ఎంత నిజమో తెలిసింది. "ఇప్పుడు నన్నేటి సెయ్యమంటావు?"

కనక గొంతు ఇంకా తగ్గించింది. నంబరు జాబితాల్లోంచి పోవాలంటే ఒకటే దారి ఉంది. రాంగ్ నంబర్ అని తేలాలి. అప్పుడు కనక కంపెనీలో ఆ నంబరు తీసేస్తారు, వాళ్ళ దగ్గర కొనుక్కున్నవాళ్ళూ తీసేస్తారు, తప్పుడు నంబరు అమ్మారని పేచీ వస్తుంది కాబట్టి. కానీ అమ్మాయిలు పని తప్పించుకోడానికి అబద్ధం పెడుతున్నారని, రాంగ్ నంబర్ అన్న ప్రతి కాల్ రికార్డు సూపర్‌వైజర్ స్వయంగా వింటాడు. మిగతావి ఎవరూ వినరు. అవతలి మనిషి సొంత గొంతుతో, ఆ పేరుగలవాళ్ళు ఇక్కడ లేరు అని చెప్పాలి. రెండుసార్లు.

"సోమవారం పొద్దున్న నేనే చేస్తాను. కాగితంలో ఉన్నట్టే అడుగుతాను. నువ్వు కాదు అనాలి. అత్తా అని పిలవను. నువ్వూ గుంటా అనకూడదు. నవ్వకూడదు. నన్ను ఎరగనట్టు మాట్లాడు."

"ఆ తరవాత?"

"ఆ తర్వాత నీ నంబరు నాకు కూడా రాదు."

"నీకు గేపకం ఉండదా, నంబరు?"

కనక వెనక నుంచి ఎవరో గట్టిగా ఏదో అన్నారు. "థాంక్యూ అండీ, మీ రోజు శుభంగా గడవాలి" అని పెద్దగా చదివేసింది. రత్నాలు కాల్ పెట్టేసింది.

ఆదివారం రత్నాలు పని తొందరగా ముగించుకుని గంగ ఇంటికి వెళ్ళింది. మంగరాజు తల్లి చిట్టెమ్మ వాకిట్లో పేడనీళ్ళు చల్లుతోంది. రేపు పొద్దున్న తీసుకొచ్చేస్తారంది. రత్నాలు చీపురు తీసుకుని లోపల ఊడ్చింది. మంచం తాళ్ళు బిగించింది. కట్టెలు తెచ్చి గోడవార పేర్చింది. చిట్టెమ్మ ఆమెని చూస్తూ చూస్తూ, చివరికి ఒక మాటంది.

"మావోడేదో అన్నాడంట. మనసులో ఎట్టుకోకు. కంగారు పడిపోయి ఉన్నాడు."

"తప్పేటన్నాడు? అననీ."

"ఆ పోన్లేటే? ఎవులు నీతో అంతంతసేపు మాటాడతారు?"

మీద పడ్డ నింద కడుక్కోవడానికి ఒక్క మాట చాలు. చిట్టెమ్మ మంచిదే, వింటే అర్థం చేసుకునేదే. రత్నాలు పేర్చిన కట్టెల్లో ఒకటి సరిగ్గా కుదరలేదని తీసి మళ్ళీ పెట్టింది.

"ఎవులూ కాదొదినా. అమ్ముకునేవోళ్ళు."

సోమవారం ఆకాశం కడిగినట్టుంది. మంచు లోయ అడుగున తెల్లగా పేరుకుని, పైన ఎండ. గింజలు ఆరడానికి ఇంతకంటే మంచి రోజు లేదు. రత్నాలు పట్టాలు పరిచి, కుప్పలు విప్పి, పారతో వరసలు లాగింది. చేతులకి గింజల పొట్టు అంటుకుంది. ఫోను బండ మీద ఎండలో పెట్టింది. మధ్యలో రెండు కాల్స్ వచ్చాయి, లోనువాళ్ళు. తిట్టకుండా పెట్టేసింది.

మూడోది మోగింది. చేతులు చీరకి తుడుచుకుని ఎత్తింది.

"నమస్కారమండీ. రత్నాలు గారేనండీ మాట్లాడేది?"

మొదటిరోజు గొంతే. కాగితం చదివే గొంతు. ఎక్కడా తెలిసిన వాసన లేదు. నిన్నంతా, మొన్న రాత్రంతా ఆ ఒక్కమాట నోట్లో తిప్పుకుంటూనే ఉంది.

"కాదు" అంది రత్నాలు. "రాంగ్ నంబరు."

"సారీ అండీ. నియమం ప్రకారం ఇంకోసారి అడగాలండీ. ఈ నంబరులో రత్నాలు గారు అనే ఆవిడ ఉన్నారాండీ? మీకు ఆవిడ తెలుసాండీ?"

కింద దారి మలుపులో జీపు చప్పుడు. ఎవరో పిల్లలు ఒచ్చేసినారు, ఒచ్చేసినారు అని అరుస్తూ పరిగెడుతున్నారు. జీపు ముందు సీట్లో గంగ ఒళ్ళో ఎర్రగా ఏదో చుక్కలా కనిపించింది.

"తెలీదమ్మా" అంది రత్నాలు. "ఆ పేరు గలది ఇక్కడెవులూ లేరు."

కీబోర్డు మీద ఒక్క మీట నొక్కిన చప్పుడు.

"మీ సమయం తీసుకున్నందుకు క్షమించండి. ఇకపై ఈ నంబరుకి మా నుంచి కాల్స్ రావండీ."

ఒక్క అక్షరం తొణకలేదు. సూపర్‌వైజర్ ఎన్నిసార్లు విన్నా ఏమీ దొరకదు. ఎంత బాగా చెప్పింది! రత్నాలుకి ఎక్కడో కొంచెం గర్వంగా ఉంది, సొంత పిల్ల బడిలో తప్పులేకుండా అప్పజెప్పినట్టు.

లైను మాత్రం తెగలేదు. వాళ్ళు ముందుగా పెట్టకూడదట. ఎదుటివాళ్ళే పెట్టాలట. అవతల ఆ పొడుగాటి గది అలాగే తెరుచుకుని ఉంది. నమస్కారమండీ, నమస్కారమండీ అంటున్న పిల్లల గొంతులు, ఫ్యాను చప్పుడు, అందులో ఒక ఊపిరి. రికార్డు ఇంకా నడుస్తోంది. ఇద్దరూ ఏమీ అనడానికి వీల్లేదు.

కింద ఎవరో తలెత్తి ఆమెని చూసి చెయ్యి ఊపారు.

రత్నాలు ఇంకాసేపు విని, ఎర్ర బటన్ నొక్కింది.